మూగజీవాల చట్టాలన్నీ ఒక్క నోటుబుక్కులోకి తెచ్చుకోవడం ఎలా (నెల్లూరు, ప్రకాశం వాళ్ల కోసం)

ఎండాకాలంలో ఒకరోజు తెల్లారుజామున మా వీధి చివర ఖాళీ స్థలంలో మూడు కుక్కలు చచ్చిపడి ఉన్నాయి, నాలుగోది ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. మూతి చుట్టూ నురగ. పక్కనే పాలిథిన్ కవర్లో కోడి తలకాయలు కలిపిన అన్నం, ఆ అన్నంలో అక్కడక్కడా ఊదారంగు గుళికలు. పొలంలో చల్లే గుళికల మందేనని మా నాన్న చూడగానే గుర్తుపట్టాడు. కొట్టుకుంటున్నది మా గేటు ముందు పడుకునే ఎర్రకుక్క. దాని కుడి చెవి కొస కత్తిరించి ఉంటుంది, అంటే మున్సిపల్ వాళ్లే పట్టుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, మళ్లీ తెచ్చి వదిలిన కుక్క. నేను నీళ్లు తెచ్చేలోపే పోయింది.

పోలీస్ స్టేషన్‌కి పోతే "కుక్కల సంగతి మున్సిపాలిటీ వాళ్లది గదా, అక్కడికి పొండి" అన్నారు. అక్కడికి పోతే "మేం పట్టుకోవడం, ఆపరేషన్ చేయించడం వరకే, చంపినోళ్ల సంగతి పోలీసులు చూడాల" అన్నారు. పశువుల ఆస్పత్రిలో డాక్టరుగారు పోస్టుమార్టం చేస్తానన్నారు, కానీ పోలీసుల లెటర్ తెమ్మన్నారు. మళ్లీ స్టేషన్. ఇట్టా తిరిగేసరికి సాయంత్రమైంది, ఈలోపు చెత్తబండి వచ్చి నాలుగింటినీ ఎత్తుకుపోయింది, ఆ అన్నం కవర్ కూడా. తర్వాత నేను చట్టం చదవడం మొదలుపెట్టి, ఏ సెక్షన్ రాయాలో తెలుసుకుని, మళ్లీ పోదామనుకునే సరికి మూడు నెలలు దాటిపోయాయి. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం సెక్షన్ 36 ప్రకారం, నేరం జరిగిన మూడు నెలల్లోపు కేసు కోర్టుకు పోకపోతే ఆ చట్టం కింద ఇంక నడపలేరు. ఆ సెక్షన్ నాకు తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

ఆ ముగ్గురిలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. చట్టం లేకపోవడం వల్లా ఇది జరగలేదు. ఉన్న చట్టం పది చోట్ల చెదిరిపోయి ఉంది, ఎవరి ముక్క వాళ్ల దగ్గర ఉంది, మొత్తం ఎవరి బల్ల మీదా లేదు. అందుకని నేను చేసిన పని ఏమిటంటే, మన జిల్లాలో మామూలుగా జరిగేవాటికి ఏ చట్టం, ఏ ఆఫీసు, ఎన్ని రోజులు అన్నది అంతా ఒక పొడుగు నోటుబుక్కులోకి తెలుగులో రాసుకున్నా. మీరూ ఎట్టా చేసుకోవచ్చో చెప్తా. నాలుగు ఆదివారాల పని.

ముందు ఒక చిన్న సంగతి అర్థం చేసుకోండి

చట్టాలు ఇట్టా ఎందుకు చెదిరాయంటే రాజ్యాంగంలోనే ఈ సబ్జెక్టు ముక్కలైంది. జంతువుల మీద క్రూరత్వం ఉమ్మడి జాబితాలో 17వ అంశం, అంటే కేంద్రం, రాష్ట్రం ఇద్దరూ చట్టం చేయొచ్చు. పశుసంపదను కాపాడటం, పశువైద్యం రాష్ట్ర జాబితాలో 15. బందెలదొడ్లు, పశువులు పొలాల్లో పడటం 16. మున్సిపాలిటీలు, పంచాయతీలు కూడా రాష్ట్రానివే. అందుకే 1960 నాటి క్రూరత్వ నివారణ చట్టం, అదే పీసీఏ చట్టం, పార్లమెంటు చేసింది, గోవధ నిషేధం, జంతు సంరక్షణ చట్టం 1977లో మన రాష్ట్రం చేసింది, గుళ్ల దగ్గర బలులు నిషేధించే 1950 నాటి చట్టం అయితే మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటిది. కుక్కల విషయంలో మీరు ఎక్కడ ఉన్నారన్నదాన్ని బట్టి కూడా చట్టం మారుతుంది. నెల్లూరు, ఒంగోలు కార్పొరేషన్లు కాబట్టి వాటికి 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, కావలి లాంటి మున్సిపాలిటీకి 1965 చట్టం, పల్లెకు 1994 పంచాయతీరాజ్ చట్టం. కార్పొరేషన్ హద్దు దాటి నాలుగు ఇళ్లు అవతలికి పోతే చట్టం మారిపోతుంది, కుక్కకు ఆ హద్దు తెలియదు కదా.

నోటుబుక్కు ఎట్టా పెట్టాలి

చట్టం పేరు మీద పేజీలు పెట్టుకోకండి. నేను మొదట అదే తప్పు చేశా. ఒక చట్టానికి పది పేజీలు, ఇంకో దానికి పది, తీరా ఎవరైనా ఫోన్ చేసి "అక్కా, ఇక్కడ దూడను కట్టేసి వదిలేశారు" అంటే ఏ పేజీ తీయాలో నాకే తెలియలేదు. జరిగిన సంగతి పేరు మీద పేజీ పెట్టండి. "విషం పెట్టి చంపారు", "పెంపుడు కుక్క కరిచింది", "లారీలో కుక్కి తోలుకుపోతున్నారు", "ఎండలో బండి తోలుతున్నారు". ప్రతి పేజీలో నాలుగే నాలుగు వరసలు: ఏ చట్టం ఏ సెక్షన్, ఏ ఆఫీసు, ఏ ఆధారం కావాలి, గడువు ఎంత. పేజీ పైన కుడివైపు మీరు రాసిన తేదీ తప్పనిసరి, ఎందుకో కింద తెలుస్తుంది.

చట్టాల అసలు పాఠం ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది, కేంద్రానివీ రాష్ట్రానివీ రెండూ. జంతువుల రూల్స్ అన్నీ భారత జంతు సంక్షేమ బోర్డు సైట్లో ఉంటాయి. మొత్తం ప్రింట్ తీయకండి, మీకు కావాల్సిన సెక్షన్ ఉన్న పేజీ ఒక్కటి తీసి మీ తెలుగు రాతకు ఎదురు పేజీలో అతికించండి. ఆఫీసులో మన తెలుగు రాత చూపిస్తే "ఇది మీరు రాసుకున్నదేగా" అంటారు, పక్కనే అసలు పేజీ ఉంటే ఆ మాట రాదు.

ఒక జాగ్రత్త. నెట్‌లో దొరికే సగం వ్యాసాల్లో ఇంకా ఐపీసీ 428, 429 అనే ఉంటుంది. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు ఐపీసీ లేదు, భారతీయ న్యాయ సంహిత ఉంది. అట్లాగే వీధికుక్కల ఆపరేషన్ల రూల్స్ 2001వి పాతవి, ఇప్పుడు నడిచేవి 2023 మార్చిలో వచ్చినవి. పాత నంబర్ రాసి ఫిర్యాదు ఇస్తే కేసు ఆగదు కానీ, ఎదుటివాడికి మన మీద నమ్మకం పోతుంది.

మొదటి పేజీ: కొట్టడం, చంపడం

దీని మీదే ఎక్కువసేపు కూర్చోండి, ఎక్కువగా అవసరమయ్యేది ఇదే.

పీసీఏ చట్టంలో సెక్షన్ 11 పెద్ద జాబితా. కొట్టడం, మోయలేని బరువు వేయడం, కదల్లేనంత పొట్టి తాడుతో ఎప్పుడూ కట్టేసి ఉంచడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం, పెంచుకుని వీధిలో వదిలేయడం, అన్నీ అందులో నేరాలే. మరి పోలీసులు ఎందుకు పట్టించుకోరంటే, శిక్ష చూడండి: మొదటిసారి అయితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. అంతే. మూడేళ్లలో మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో రాసిన అంకెలు, అరవై ఏళ్లు దాటినా అట్లాగే ఉన్నాయి. పైగా ఈ సెక్షన్‌లో చాలా భాగం పోలీసులు తమంతట తాము కేసు కట్టి దర్యాప్తు చేసేది కాదు, మెజిస్ట్రేటు అనుమతి కావాలి. స్టేషన్లో "ఇది మా పరిధి కాదు" అని అంటే అది పూర్తిగా తప్పించుకునే మాట కాదు, కొంత నిజం ఉంది.

కానీ ఆ జాబితాలోనే 11(1)(ఎల్) అని ఒకటి ఉంది. జంతువును, వీధికుక్కలతో సహా అని ఆ పదాలే ఉన్నాయి, అవయవం నరకడం గానీ క్రూరంగా చంపడం గానీ చేస్తే వర్తిస్తుంది. జంతువుల పందేలకు స్థలం నడపడం 11(1)(ఎన్). ఇవి సెక్షన్ 31 ప్రకారం పోలీసులు నేరుగా తీసుకోవాల్సిన నేరాలు. దీనికి తోడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325: ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం చేసినా, పనికిరాకుండా చేసినా ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో పది రూపాయల విలువ, యాభై రూపాయల విలువ అని లెక్కలు ఉండేవి, వీధికుక్కకు విలువ ఎంత అని వాదించేవాళ్లు. 325లో ఆ లెక్క తీసేశారు. కాబట్టి చంపిన కేసులో పీసీఏ ఒక్కటే రాయకండి, రెండూ రాయండి. నాకు ఆ రోజు తెలిసి ఉంటే ఇదే రాసేదాన్ని.

ఫిర్యాదు ఇట్టా రాయండి, దీన్నే మీ పేజీలో నమూనాగా పెట్టుకోండి:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. ఫలానా తేదీ ఉదయం సుమారు 5.30 గంటలకు ఫలానా వీధిలోని ఖాళీ స్థలంలో నాలుగు కుక్కలు విషం కలిపిన అన్నం తిని చనిపోయి ఉండగా నేను చూశాను. అన్నం, అందులోని గుళికలు, కుక్కల ఫొటోలు, వీడియో తీశాను. మిగిలిన అన్నం అక్కడే ఉంది. ఒక కుక్కకు మున్సిపల్ ఆపరేషన్ గుర్తు ఉంది. ఇది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325, పీసీఏ చట్టం సెక్షన్ 11(1)(ఎల్) కింద నేరం. కేసు నమోదు చేసి, కళేబరాలకు పోస్టుమార్టం చేయించేందుకు పశువైద్యాధికారికి లేఖ ఇవ్వాలని, విషం నమూనాను ల్యాబ్‌కు పంపాలని కోరుతున్నాను."

ఆ చివరి వాక్యం మర్చిపోకండి. లెటర్ కోసమే నేను రోజంతా తిరిగింది.

ఎవరు చేశారో తెలియకపోయినా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అనుమానం ఉన్న పేరు ఊరికే రాయకండి, చూసింది మాత్రమే రాయండి, పక్కింటివాళ్లతో పాత తగాదాను ఇందులోకి తేకండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన, కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173(4) ప్రకారం అదే ఫిర్యాదును ఎస్పీ గారికి పోస్టులో పంపండి, రిజిస్టర్డ్ పోస్టు రసీదు నోటుబుక్కులో అతికించండి, అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

ఆధారాల సంగతి. ఫొటోలు తీసిన ఫోన్‌లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపి అసలువి డిలీట్ చేయకండి. కళేబరాన్ని పాతిపెట్టకండి, చెత్తబండిని ఆపండి, నీడకు జరిపి గోనెసంచి కప్పి ఐసు పెట్టండి. మన ఎండలకు మధ్యాహ్నానికే పాడైపోతుంది. విషం అన్నాన్ని ఉత్త చేతులతో ముట్టుకోకండి, పిల్లల్నీ వేరే కుక్కల్నీ దగ్గరకు రానివ్వకండి, పోలీసులు వచ్చేదాకా ఒక మనిషి అక్కడ నిలబడాలి. ఇంకా బతికున్న జంతువైతే ముందు 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య అంబులెన్సు అది. కేసు సంగతి తర్వాత.

వీధికుక్కలు

ఇక్కడ రెండు వైపులా కోపం ఉంటుంది, అన్నం పెట్టేవాళ్లకూ, పిల్లల్ని బడికి పంపే తల్లులకూ. నేను రెండువైపులా ఉన్నా, మా చెల్లెలి కొడుకును కుక్క కరిచింది కూడా. ఇద్దరికీ పనికొచ్చే పేజీ ఇది.

2023 రూల్స్ ప్రకారం వీధికుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టిన చోటే వదలాల్సిన బాధ్యత మీ స్థానిక సంస్థది. కార్పొరేషన్ అయినా పంచాయతీ అయినా అంతే. ఈ పని జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థ ద్వారానే చేయించాలి. ఆరు నెలల లోపు పిల్లల్ని ఆపరేషన్‌కు పట్టకూడదు. ఊరవతల వదిలేయడం, వేరే మండలంలో దించి రావడం రూల్స్‌కు విరుద్ధం, దానివల్ల లాభమూ లేదు, ఖాళీ అయిన వీధిలోకి ఆపరేషన్ కాని కొత్తవి వస్తాయి. అన్నం పెట్టే చోటు గురించి 20వ రూల్ ఉంది: పిల్లలు ఆడుకునే చోట్లకూ, మెట్లకూ, ఇళ్ల గుమ్మాలకూ దూరంగా ఒక చోటు చూసుకోవాలి. పెట్టేవాళ్లు మిగిలింది ఎత్తి శుభ్రం చేయాలి, ఇది నేను గట్టిగా చెప్తున్నా, చాలా గొడవలు అక్కడే మొదలవుతాయి.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది కూడా రాసుకోండి: ఆపరేషన్, టీకా అయిన కుక్కలను పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవీ, ఉందని అనుమానం ఉన్నవీ, మీద పడి కరిచేవీ తప్ప, అన్నం పెట్టడానికి ప్రత్యేకంగా చోట్లు చూపించాలి. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలోని కుక్కలను తీసి షెల్టర్లకు పంపాలని, వాటిని మళ్లీ అక్కడ వదలకూడదని చెప్పింది. అంటే మీ ఫిర్యాదు వీధి గురించా, బడి ఆవరణ గురించా అన్నదాన్ని బట్టి ఏ ఆదేశం చూపించాలో మారుతుంది. ఈ కేసులో ఆదేశాలు వస్తూ ఉంటాయి, ఫిర్యాదు రాసే రోజు కోర్టు సైట్లో తాజాది చూసుకోండి. పేజీ పైన తేదీ వేయమన్నది ఇందుకే.

మీ ఊళ్లో ఆపరేషన్లు నిజంగా జరుగుతున్నాయా అన్నది సమాచార హక్కు దరఖాస్తుతోనే తెలుస్తుంది. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, మిగతా ఆఫీసులకు 10. జవాబుకు 30 రోజులు. నాలుగే అడగండి: గత ఏడాది ఎన్ని కుక్కలకు ఆపరేషన్, టీకా అయ్యాయి వార్డుల వారీగా, ఏ సంస్థ చేసిందో దాని గుర్తింపు పత్రం కాపీతో సహా, ఈ ఆపరేషన్ల పర్యవేక్షణ కమిటీ మీటింగు మినిట్స్, కుక్కల లైసెన్సులూ నియంత్రణా గురించి మీ బైలాలు (స్థానిక సంస్థ సొంతంగా చేసుకున్న నిబంధనలు) ఏమున్నాయి. ఆ నాలుగో జవాబు వచ్చాక నోటుబుక్కులో అతికించండి, స్థానిక బైలాలు ఇండియా కోడ్‌లో దొరకవు.

కరిస్తే

పెంపుడు కుక్క కరిస్తే న్యాయ సంహిత సెక్షన్ 291. తన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ప్రమాదకరమైన జంతువును బంధించమనో, వేరే విధంగా చూడమనో ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఆదేశం ఇవ్వొచ్చు, అది నాగరిక్ సురక్షా సంహిత 152. దీనికి ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టాలి, ఇది చాలామందికి తెలియదు.

అన్నిటికంటే ముందు పేజీ పైభాగాన పెద్ద అక్షరాలతో ఇది రాయండి: కరిచిన చోట సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, పసుపు, కారం పెట్టకండి. ఆ రోజే ఆస్పత్రికి పోయి టీకా మొదలుపెట్టండి, లోతుగా దిగితే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ను అడ్డుకునే మందు) కూడా అడగండి. సర్కారు ఆస్పత్రిలో టీకా ఉచితం. రేబిస్ లక్షణాలు మొదలైతే దాదాపు ఎవరూ బతకరు, అందుకని "చిన్న గీతే గదా" అని ఆగకండి.

ఎద్దులు, ఎండ

బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతిని 'నెలోర్' అని మన ఊరి పేరుతోనే పిలుస్తారు, అంత పేరున్న జాతి. ఇక్కడ మే నెల మధ్యాహ్నం ఇసుక బండి లాగుతున్న ఎద్దు మెడ దగ్గరకు పోయి చూడండి. కాడి ఆనే చోట చర్మం నల్లగా గట్టిపడి, దాని మధ్యలో పచ్చిగా కాడిపుండు, ఈగలు. తోక మొదట్లో ముల్లుగర్ర గుచ్చిన చుక్కలు, కొన్ని ఎండినవి, ఒకటి రెండు తడివి. బండాయన కూడా చెప్పులు లేకుండా అదే ఎండలో నడుస్తున్నాడు, అది కూడా చూశా.

1965 నాటి రూల్స్ ఉన్నాయి, బండి లాగే, బరువు మోసే పశువుల గురించి. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా ఐదు గంటలకు మించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదు. అంటే మన దగ్గర ఎండాకాలం చాలా రోజులు కట్టకూడదనే. ముల్లుగర్ర వాడకూడదు. ఈ పేజీ చూపించి కేసు పెట్టమని నేను చెప్పను, ముందు బండాయనకు చెప్పండి, కాడికి గుడ్డ చుట్టించండి, పుండుకు మందు పశువుల ఆస్పత్రిలో ఇస్తారు. బండ్లు మాట్లాడే మేస్త్రీకి, ఇసుక తెప్పించుకునే ఇంటివాళ్లకు చెప్తే ఇంకా మంచిది, "సాయంత్రం నాలుగు తర్వాత తోలండి" అని వాళ్లు ఒక్కమాట అంటే చాలు. వినకపోతే అప్పుడు ఫిర్యాదు.

మిగతా పేజీలు త్వరగా

హైవే మీద లారీల్లో పశువులు: 1978 రవాణా రూల్స్ ప్రకారం ప్రయాణానికి పనికొస్తాయని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి, ఒక లారీలో ఆరుకు మించి ఆవులూ ఎద్దులూ ఎక్కించకూడదు. మోటారు వాహనాల రూల్స్ అయితే ఒక్కో ఆవుకో గేదెకో 2 చదరపు మీటర్ల చోటు అంటాయి. మీరు లారీని ఆపకండి, తాళ్లు కోయకండి, అది మీ పని కాదు, ప్రమాదం కూడా. నంబర్, సమయం, ఏ టోల్‌గేటు వైపు పోతోందో 112కి చెప్పండి.

పాలు చేపడానికి ఇంజెక్షన్ వేయడం: పీసీఏ సెక్షన్ 12. రెండేళ్ల దాకా జైలు, లేదా 1,000 దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా తీసుకోవచ్చు. దూడ చచ్చిపోయిన గేదెకు రోజూ సూది వేసే ఇళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి, చాలామందికి ఇది నేరమని తెలియదు, ముందు వాళ్లకు ఆ సెక్షన్ చదివి వినిపించండి.

పొలంలో పడ్డ పశువులు: 1871 నాటి క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టం. పట్టుకుంటే 24 గంటల్లోపు బందెలదొడ్డికి పంపాలి, కట్టేసి కొట్టే హక్కు రైతుకు లేదు. మీ పంచాయతీలో బందెలదొడ్డి ఇంకా ఉందా లేదా కార్యదర్శిని అడిగి ఆ పేజీలోనే రాసుకోండి.

కోడిపందేలు, జాతర బలులు: మొదటిదానికి పీసీఏ 11, దానితో పాటు 1974 గేమింగ్ (జూదం) చట్టం. రెండోదానికి 1950 చట్టం. ఇవి ఊరి పెద్దలతో ముందే మాట్లాడాల్సినవి, పండగ రోజు ఫోన్ చేస్తే గొడవే మిగులుతుంది.

నోటుబుక్కు తయారయ్యాక

జిరాక్సులు తీయండి. ఒకటి స్టేషన్లో, ఒకటి పశువుల ఆస్పత్రిలో, ఒకటి మున్సిపల్ ఆరోగ్య విభాగంలో, ఒకటి సచివాలయంలో. నేను ఇచ్చినప్పుడు ఒక కానిస్టేబుల్ గారు "విషం పెట్టి చంపారు" పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. ఎవరినీ తప్పుపట్టే స్వరంతో ఇవ్వకండి, వాళ్ల పని తేలికయ్యే కాగితంలాగా ఇవ్వండి. పని జరగనప్పుడు సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంది, ప్రభుత్వ ఫిర్యాదుల ఫోన్ నంబర్ 1100 ఉంది.

ఇక అసలు కావాల్సింది: ఈ పని మన నోటుబుక్కుల్లో కాదు, ప్రభుత్వం చేయాలి. మీ ఎమ్మెల్యేకీ, జిల్లా కలెక్టరుకీ, మున్సిపల్ కౌన్సిల్‌కీ అర్జీ ఇస్తే రెండు ముక్కలుగా విడివిడిగా అడగండి, కలిపి అడిగితే రెండూ ఆగిపోతాయి.

మొదటిది, తేలికైనది. కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టాలు, రూల్స్, కోర్టు ఆదేశాలు కలిపి తెలుగులో ఒకే సంకలనం, సంగతుల వారీగా, ప్రతి స్టేషన్‌కీ, పశువైద్యశాలకీ, మున్సిపాలిటీకీ, పంచాయతీకీ ఒక కాపీ. దీనికి అసెంబ్లీ అక్కర్లేదు, శాఖల ఉత్తర్వు చాలు. దానిలో ఒక వాక్యం ఉండాలి: జంతువును చంపిన ఫిర్యాదులో పోస్టుమార్టం లేఖ అదే రోజు ఇవ్వాలి.

రెండోది కష్టమైనది. కార్పొరేషన్, మున్సిపాలిటీ, పంచాయతీ మూడు చట్టాల్లో విడివిడిగా ఉన్న కుక్కల నియంత్రణను ఒకే రాష్ట్ర చట్టంలోకి తేవడం, ఆ 50 రూపాయల జరిమానాను రాష్ట్ర సవరణతో పెంచడం. రాష్ట్రానికి ఆ అధికారం లేదనేవాళ్లకు జవాబు సిద్ధంగా పెట్టుకోండి: ఉమ్మడి జాబితాలో రాష్ట్రం చేసిన చట్టం కేంద్ర చట్టంతో తేడాపడితే, రాజ్యాంగం 254(2) ప్రకారం రాష్ట్రపతి ఆమోదంతో ఆ రాష్ట్రంలో అది నిలుస్తుంది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర 2017లో జల్లికట్టు, కంబళ, ఎడ్లపందేల కోసం పీసీఏ చట్టాన్ని అట్లాగే సవరించుకున్నాయి, సుప్రీంకోర్టు 2023 మే 18న వాటిని సమర్థించింది. ఆటల కోసం సవరించగలిగిన చట్టాన్ని జంతువును కాపాడటం కోసం మన రాష్ట్రం సవరించలేదా అని అడగండి.

అర్జీకి మీ నోటుబుక్కులోంచి మూడు పేజీల జిరాక్సు జతచేయండి, మీ వీధిలో నిజంగా జరిగిన వాటివే. నేను జతచేసిన మొదటి పేజీలో ఎర్రకుక్క ఫొటో ఉంది, కత్తిరించిన కుడి చెవి కనపడేట్టు.